రాజేశ్వరమ్మగారి మడినీళ్ళు

ఆ శనివారం ఉదయం కృష్ణమూర్తి వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. కాఫీ తాగి, ట్రైలర్‌లో నీళ్ళ పంపు ఒకసారి చూసుకుని, ఎండ ముదరకముందే ఫార్మింగ్టన్ హిల్స్ వదిలిపెట్టి, భోజనం వేళకి హ్యూరాన్ సరస్సు ఒడ్డున ఉండాలి. అది పందొమ్మిది వందల ఎనభై అయిదు, జూన్ నెల. ఆకాశంలో మబ్బు తునక లేదు. మిషిగన్‌లో అలాంటి ఉదయం దొరికినప్పుడు దాన్ని అనుమానించాలని అక్కడ చాలాకాలంగా ఉంటున్నవాళ్ళకి తెలుసు. కృష్ణమూర్తికీ తెలుసు. కానీ ఆ రోజు అనుమానించే తీరిక లేదు.

ప్రయాణం వాళ్ళ అమ్మ రాజేశ్వరమ్మ కోసం. ఆమె భర్త సాంబశివరావు బాపట్ల హైస్కూల్లో భూగోళం చెప్పేవారు. ఉత్తర అమెరికా పాఠం వచ్చినప్పుడు పుస్తకం చూడకుండా, సుద్దముక్క ఎత్తకుండా, ఒకే గీతలో ఐదు మహాసరస్సులూ బోర్డు మీద గీసేవారు. వాటిలో ఒక్కటీ కళ్ళతో చూడకుండానే కిందటి కార్తీకమాసంలో పోయారు. సంక్రాంతి వెళ్ళాక కృష్ణమూర్తి అమ్మని తన దగ్గరికి తెచ్చుకున్నాడు. వచ్చిన దగ్గర్నుంచి ఆమె పెద్దగా మాట్లాడింది లేదు. వంట చేసేది, జపం చేసుకునేది, వంటింటి కిటికీలోంచి మంచు చూసేది. మంచు కరిగాక గడ్డి చూసేది. "ఏదైనా చూడాలని ఉందా అమ్మా?" అని అడిగితే ఒకే ఒక్కసారి నోరు విప్పింది.

"ఆయన గీసేవారే, ఆ చెరువులు. వాటిలో ఒక్కదాంట్లో ఆయన పేరు చెప్పుకుని స్నానం చెయ్యాలి నాయనా."

కోరిక చిన్నదే. చిక్కు మడితో వచ్చింది. స్నానం చేశాక ఆమె స్వయంగా వండుకోవాలి. ఎవరెవరో పడుకున్న మోటెల్ గదిలో వండదు. బయటి తిండి ముట్టదు. ఎక్కడివో తెలియని నీళ్ళు అసలే తాగదు. ఇవన్నీ ఆలోచించి కృష్ణమూర్తి, ఉద్యోగం విరమించి ఫ్లోరిడా వెళ్ళిపోతున్న స్టాన్లీ అనే పెద్దమనిషి దగ్గర ఆయన పాత ట్రైలర్ కొన్నాడు. బండి వెనక తగిలించుకుని లాక్కుపోయే చిన్న ఇల్లు అది. రెండు మంచాలు, గ్యాసు పొయ్యి, సింకు, మంచం కింద నీళ్ళ ట్యాంకు. ఇంటి నీళ్ళు నింపుకుని పోతే మడి ఎక్కడికి పోయినా మడే. కొన్నప్పుడు దాని మీద మోకాలెత్తు మంచు ఉంది. లోపలికి వెళ్ళి చూసింది లేదు. మంగళవారం రాజేశ్వరమ్మ తిరుగు ప్రయాణం. ఇంక మిగిలింది ఈ ఒక్క శనివారమే.

శుక్రవారం సాయంత్రం తోటగొట్టంతో ట్యాంకు నింపి, పంపు మీట వేశాడు. కుళాయిలన్నీ కట్టేసి ఉంటే పంపు కాసేపు తిరిగి ఊరుకోవాలి. అది ఊరుకోలేదు. కాసేపు ఆగుతుంది, మళ్ళీ టకటకమంటుంది, మళ్ళీ ఆగుతుంది. ఎక్కడో నీళ్ళు కారుతున్నాయన్నమాట. కృష్ణమూర్తి కంగారు పడలేదు. నిజం చెప్పాలంటే కాస్త సంతోషించాడు. అతను కార్ల కంపెనీలో ఇంజన్‌ని చల్లబరిచే విభాగంలో ఇంజనీరు. పంపులు, గొట్టాలు, లీకులు అతని వృత్తి. ఇన్నేళ్ళ ఉద్యోగంలో అమ్మకి పనికొచ్చే పని చేసే అవకాశం ఇప్పుడు వచ్చింది.

తెల్లవారాక అతను ట్రైలర్‌లోకి దూరి, బల్ల కింద పలక ఊడదీసి, వెల్లకిలా పడుకుని టార్చిలైటు వేశాడు. గొట్టం మలుపు తిరిగే చోట సన్నటి చీలిక కనిపించింది. చలికాలంలో ఆ మలుపులో మిగిలిపోయిన నీళ్ళు గడ్డకట్టి చీల్చేశాయి. భార్య వసుమతి గుమ్మం దగ్గర నిలబడి తొంగిచూసింది.

"ప్లంబర్‌ని పిలవకూడదూ?"

"నేనుండగా ప్లంబరెందుకు?"

"మీరున్నారనే అడుగుతున్నా."

అతను చిన్న రంపం అందుకున్నాడు. చీలిన ముక్క కోసేసి, కారు రేడియేటర్‌కి వాడే రబ్బరుగొట్టం ముక్క ఒకటి ఆ స్థానంలో తొడిగి, రెండు వైపులా బిగింపులు వేసి తిప్పాడు. ఆ పని చేస్తున్నంతసేపూ గొట్టంలో మిగిలిన నీళ్ళు బొట్లు బొట్లుగా చొక్కా మీద పడ్డాయి. పట్టించుకోలేదు. ట్యాంకు నీళ్ళు సగం కారిపోయాయి కాబట్టి, బయట కుళాయికున్న తోటగొట్టాన్నే నేరుగా ట్రైలర్ గోడకున్న మూతికి తగిలించి నీళ్ళు వదిలాడు. లీకు లేదు. పంపు మీట వేశాడు. గుర్రుమని, ఊరుకుంది. ఆ నిశ్శబ్దం అతనికి సంగీతంలా వినిపించింది. లేచి నిలబడి, ఆఖరి పరీక్షగా స్నానాల గదిలో చిన్న సింకు కుళాయి తిప్పాడు.

గులాబీరంగు నీళ్ళు వచ్చాయి.

లేత రంగేమీ కాదు. పెళ్ళిలో వసంతాల బిందె బోర్లించినట్టు ధారగా వచ్చాయి. కృష్ణమూర్తి తన చొక్కా చూసుకున్నాడు. ఛాతీ మీద అదే రంగు మరకలు. వేలితో తాకి నాలుక కొసకి రాసుకున్నాడు. తియ్యగా ఉంది. వెంటనే ఉమ్మేశాడు. గొట్టాలు గడ్డకట్టకుండా చలికాలంలో పోసే మందు, యాంటీఫ్రీజ్, తియ్యగా ఉంటుందని అతనికంటే బాగా తెలిసినవాళ్ళు ఆ వీధిలో లేరు. ఆ తీపికి ఆశపడి తాగిన కుక్కలు చస్తాయనీ, మనుషుల మూత్రపిండాలు చెడిపోతాయనీ కంపెనీలో కొత్తగా చేరినవాళ్ళకి పాఠం చెప్పేది అతనే.

'నయం, ఎవరూ తాగలేదు' అనుకుంటూ బయటికి వచ్చాడు.

గడ్డిలో మూడు మడతకుర్చీలు వేసి ఉన్నాయి. ఒకదాంట్లో అమ్మ. పక్కదాంట్లో పొరుగింటి డోరతీ. ఆమె చర్చిలో చాలాకాలం ఆర్గన్ వాయించి ఇప్పుడు విరమించుకున్న పెద్దావిడ. రాజేశ్వరమ్మకి ఇంగ్లీషు రాదు, ఆవిడకి తెలుగు రాదు. అయినా కంచెకి అటూ ఇటూ నిలబడి ఇద్దరూ గంటలకొద్దీ స్నేహం చేసుకుంటారు. మూడో కుర్చీలో కృష్ణమూర్తి స్నేహితుడు యాదయ్య. నల్గొండ మనిషి, గేర్‌బాక్సులు చేసే ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. కృష్ణమూర్తి కారు ట్రైలర్‌ని లాగలేదు కాబట్టి తన పెద్ద పికప్ ట్రక్కు తీసుకుని పొద్దున్నే వచ్చాడు. ముగ్గురి చేతుల్లోనూ స్టీలు గ్లాసులు ఉన్నాయి. మూడూ ఖాళీ.

"అమ్మా, కాఫీ ఎక్కడ పెట్టావు?"

"ఆ బండిలోనే నాయనా. తెల్లారకట్లే లేచి స్నానం చేసి, పొయ్యి వెలుగుతుందో లేదో చూద్దామని పెట్టాను. చీకట్లో దీపం మీట కనపడక తడుముకున్నాననుకో. బాగానే వెలిగింది."

"నీళ్ళు?"

"అందులోవే. నువ్వు నింపావుగా."

యాదయ్య గ్లాసు ఎత్తి చూపించాడు. "మస్తుంది అన్నా. జర తీపెక్కువైంది గంతే."

"నేను పంచదారే వేసుకోలేదు," అంది రాజేశ్వరమ్మ. "అయినా తియ్యగానే ఉంది. పాలలో ఏమన్నా కలుపుతారేమో ఇక్కడ, అనుకున్నాను."

కృష్ణమూర్తి వెనక్కి తిరిగాడు. ఇంట్లోకి పరుగెత్తి రాధారాణిగారికి ఫోన్ చేశాడు. ఆవిడ చర్మవ్యాధుల డాక్టరు. కానీ ఆ చుట్టుపక్కల తెలుగువాళ్ళందరూ జ్వరానికీ, గుండెదడకీ, పిల్లల చదువులకీ కూడా ఆవిడకే ఫోన్ చేస్తారు.

"రాధారాణిగారూ, మా అమ్మ యాంటీఫ్రీజ్ తాగింది."

"అయ్యో! ఎందుకు తాగారండీ?"

"కాఫీ అనుకుని. అంటే, కాఫీలో కలిసింది. అమ్మా, మా యాదయ్యా, పక్కింటి డోరతీ, ముగ్గురూ తాగారు."

"ఖచ్చితంగా యాంటీఫ్రీజేనా?"

"నేను రోజూ దాంతోనే పని చేస్తానండీ. డౌటే లేదు."

"నేను స్కిన్ డాక్టర్‌ని, మూర్తిగారూ. కానీ మీరంత ష్యూర్‌గా చెప్తుంటే..." ఆవిడ గుంటూరు మెడికల్ కాలేజీ పాఠాలు గుర్తుచేసుకుంది. "దానికి విరుగుడు ఆల్కహాల్. వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి. నేను కాల్ చేసి చెప్తాను. ఇంట్లో విస్కీ ఉందా?"

కృష్ణమూర్తి కిటికీలోంచి అమ్మ వైపు చూసి, గొంతు తగ్గించాడు. "ఉండొచ్చు."

"ఉంటే తలా కాస్త పట్టించి బయల్దేరండి. ఆలస్యం చెయ్యకండి."

అతను గడ్డిలోకి వచ్చి, ఇంగ్లీషులో ఒకసారీ తెలుగులో ఒకసారీ విషయం చెప్పాడు. ముందు మాట్లాడింది యాదయ్య. మనిషి ముఖంలో నెత్తురు లేదు, కానీ బుర్ర పనిచేస్తోంది.

"అన్నా, ఆగం కాకు. సీసా ఉంది గద. బేస్‌మెంట్‌ల ఫర్నేస్ వెనక, పాత బూట్ల డబ్బాల పెట్టినవు."

రాజేశ్వరమ్మ కొడుకు వైపు చూసింది. కృష్ణమూర్తి గడ్డి వైపు చూశాడు. వసుమతి ఇద్దరి వైపూ చూడకుండా లోపలికి వెళ్ళి, పాత బూట్ల డబ్బాతో సహా పట్టుకొచ్చింది.

యాదయ్య దేవుడికి దండం పెట్టుకుని తన వంతు విరుగుడు తాగాడు. భార్యాపిల్లలు గుర్తొచ్చారో ఏమో, కళ్ళు తుడుచుకున్నాడు. డాక్టరమ్మ తలా కాస్త అన్నది కాబట్టి, ఆ కాస్త ఎంతో తెలియక, మళ్ళీ ఇంకొంత తాగాడు. డోరతీ మాత్రం రెండు చేతులూ అడ్డం పెట్టింది. ఆవిడ చర్చిలో తాగుడు నిషేధం. పుట్టి బుద్ధెరిగాక చుక్క ముట్టలేదని చెప్పింది. పక్కన రాజేశ్వరమ్మ కూడా తల అడ్డంగా ఊపింది. ఆమె ఏం ఒప్పుకోనన్నదో డోరతీకి అర్థమైంది. ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు.

"అమ్మా, ఇది తాగకపోతే నువ్వు బతకవు."

"ఏం పర్వాలేదురా." ఆమె గొంతులో భయం లేదు. కిటికీలోంచి మంచు చూసినట్టే కొడుకు ముఖంలోకి చూస్తోంది. "నీ ఇల్లు చూశాను, సంసారం చూశాను. ఆయన వెళ్ళిన చోటికే కదా. నువ్వు బెంగపెట్టుకోకు. ఆ చెరువు ఒక్కటీ చూసి ఉంటే బావుండేది. అంతే."

కృష్ణమూర్తికి అప్పుడు దుఃఖం ఆగలేదు. తండ్రి పోయినప్పుడు టిక్కెట్టు దొరికి ఇల్లు చేరేసరికే అన్నీ అయిపోయాయి. అక్కడ ఏడవడానికి కూడా అతనికి వేళ దొరకలేదు. ఇప్పుడు అమ్మ కుర్చీ ముందు గడ్డిలో కూలబడి, గులాబీ మరకల చొక్కాతో, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. వీధిలో పోతున్న ఒకతను సైకిల్ ఆపి, మళ్ళీ తొక్కుకుంటూ వెళ్ళిపోయాడు.

వసుమతి స్టీలు గ్లాసులో కాస్త పోసి, తేనె కలిపి, అత్తగారి ముందు నిలబడింది.

"అత్తయ్యగారూ, ఇది మందు. మందుగా తీసుకోండి."

రాజేశ్వరమ్మ గ్లాసు చూసింది. కోడలిని చూసింది. ఏడుస్తున్న కొడుకుని చూసింది. "మందేనా?" అంది.

"మందేనండి."

కళ్ళు మూసుకుని, ఏదో గొణుక్కుని, గ్లాసు ఎత్తి గుటుక్కున పోసేసుకుంది. అది చూసి డోరతీ కూడా చర్చి వైపు తిరిగి ఒక దండం పెట్టి తన గ్లాసు అందుకుంది.

మూడు వరసల సీట్లున్న తమ కారు, స్టేషన్‌వ్యాగన్, వసుమతే నడిపింది. ఆసుపత్రి ఎమర్జెన్సీలో ఆ వేళ సందడి లేదు. అక్కడున్న నర్సు, లోపలికి వస్తున్న ముగ్గురినీ దూరం నుంచే వాసన పట్టింది. ముందు యాదయ్య గోడ పట్టుకుని నడుస్తున్నాడు. వెనక ఇద్దరు ముసలమ్మలు చేతులు పట్టుకుని, చాలా మర్యాదగా, కొంచెం ఏటవాలుగా వస్తున్నారు. డోరతీ సన్నగా చర్చి పాట ఒకటి కూనిరాగం తీస్తోంది. రాధారాణిగారి ఫోన్ ఇంకా ఆ నర్సుదాకా రాలేదు.

"వీళ్ళు ఎంత తాగారు?" అని అడిగింది నర్సు.

"తలా ఒక గ్లాసు," అన్నాడు కృష్ణమూర్తి, కాఫీ గురించి.

"ఎప్పుడు మొదలుపెట్టారు?"

"తెల్లవారుజామున. ముందు మా అమ్మ ఒక్కతే తాగింది. తరవాత వీళ్ళని కూడా పిలిచి ఇచ్చింది."

నర్సు రాజేశ్వరమ్మ వైపు చూసిన చూపులో గౌరవం ఉందో, ఆందోళన ఉందో చెప్పడం కష్టం. కుర్రడాక్టరు వచ్చాక మొత్తం కథ మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. కృష్ణమూర్తి తన ఉద్యోగం సంగతి కూడా చెప్పాడు. డాక్టరు శ్రద్ధగా విని, ముగ్గురినీ మూడు మంచాల మీద పడుకోబెట్టి, రక్తం తీయించి, చివరికి ఒకే ప్రశ్న అడిగాడు.

"ఆ డబ్బా మీద ఏం రాసి ఉంది?"

"డబ్బా నా దగ్గర లేదు. ట్రైలర్ అమ్మినతను పోశాడు."

వసుమతి అప్పటిదాకా పక్కన నిలబడి ఉంది. నెమ్మదిగా అడిగింది. "ఏమండీ, ఆయన్ని అడిగారా?"

కృష్ణమూర్తి జేబులోంచి స్టాన్లీ ఫ్లోరిడా నంబరున్న చీటీ తీసి ఆమె చేతిలో పెట్టాడు. వసుమతి పర్సు తీసుకుని కారిడార్‌లో ఉన్న టెలిఫోన్ దగ్గరికి నడిచింది.

స్టాన్లీ ఫ్లోరిడాలో చేపలు పట్టడానికి బయల్దేరుతూ దొరికాడు. ఆయన గొంతు పెద్దది కావడంతో పక్కన నిలబడ్డ కృష్ణమూర్తికీ అంతా వినిపించింది. గులాబీరంగుదా? అవును, తనే పోశాడు. కారులో పోసే ఆకుపచ్చది కాదు. అది విషం. ఇది మంచినీళ్ళ గొట్టాల కోసం వేరే చేస్తారు, దీంతో ప్రాణానికి ప్రమాదం లేదు. చెప్పడం మరిచిపోయినందుకు క్షమించాలి. అయినా మూర్తి ఇంజనీరు కదా, తెలిసే ఉంటుందనుకున్నాడు. ఇంతకీ ట్రైలర్ బాగుందా?

వసుమతి చాలా బాగుందని చెప్పి, ఫోన్ పెట్టేసింది.

డాక్టరు అయినా రక్తపరీక్షలు వచ్చేదాకా కదలనివ్వలేదు. వచ్చాయి. ముగ్గురి రక్తంలోనూ విస్కీ తప్ప విషమేదీ లేదు. ఆ మాట చెప్పి, ఆయన ముఖం పక్కకి తిప్పుకుని గట్టిగా దగ్గాడు. ఇంటికి తీసుకెళ్ళి మంచినీళ్ళు బాగా తాగించమన్నాడు.

ఇల్లు చేరేసరికి ఎండ నడినెత్తి దాటింది. కారు వీధి మలుపు తిరగగానే చప్పుడు వినిపించింది. జలజలమంటూ ట్రైలర్ మెట్ల మీదుగా నీళ్ళు దూకుతున్నాయి. స్నానాల గదిలో తిప్పిన కుళాయి కట్టలేదు. గోడకి తగిలించిన తోటగొట్టం తియ్యలేదు. సింకులోంచి పోయిన నీళ్ళు చేరే తొట్టి నిండిపోయి, వెళ్ళే దారి లేక స్నానాల గది నేలలో ఉన్న తూములోంచి పైకి పొంగాయి. కృష్ణమూర్తి వేసిన రబ్బరుగొట్టం అతుకు మాత్రం చుక్క కారకుండా నిలబడింది. లోపల తలగడలు తేలుతున్నాయి. వేలాడుతున్న దుప్పట్ల మీదుగా పరుపులు నీళ్ళు పీల్చి ఉబ్బాయి. మంచం కింద మడిగా విడిగా పెట్టుకున్న బియ్యం మూట తడిసి ముద్దయింది. తడవనిదల్లా ట్రైలర్ బయట గోడ మీద అతికించిన సూర్యాస్తమయం బొమ్మ.

అతను చీలమండలు మునిగే నీళ్ళలో దిగి కుళాయి కట్టాడు. బయటికి వచ్చి తోటగొట్టం ఆపాడు. తరవాత మెట్టు మీద కూర్చున్నాడు. కూర్చున్న మెట్టు కూడా తడిదే. ట్రక్కు నడపాల్సిన యాదయ్య గడ్డిలో వెల్లకిలా పడుకుని గురక పెడుతున్నాడు.

"పోనీలే నాయనా," అంది రాజేశ్వరమ్మ, కారు తలుపు పట్టుకుని నిలబడి. "నువ్వు ఇంత కష్టపడ్డావు. నేను చూసినట్టే."

ఆ మాటతో అతనికి ఇక తల ఎత్తబుద్ధి కాలేదు. ఇంజనీరుగా, కొడుకుగా, మనిషిగా తను ఒకే పూటలో ఎంత కిందికి జారాడో లెక్కవేసుకుంటున్నాడు. వసుమతి ఇంట్లోకి వెళ్ళింది. తిరిగి వచ్చేటప్పుడు ఆమె చేతిలో అత్తగారి పొడిచీర, ఇత్తడిగిన్నె, వంటింట్లోంచి తెచ్చిన కొత్త బియ్యం పొట్లం, పెసరపప్పు ఉన్నాయి.

"ఎక్కండి అందరూ."

"ఎక్కడికి? ట్రైలర్ లేదుగా," అన్నాడు కృష్ణమూర్తి.

"చెరువు ఉంది కదా. అది ఎక్కడికీ పోలేదు. కారుకి ఏమీ కాలేదు. మీరు దాన్ని ముట్టుకోలేదు."

డోరతీ ఎవరూ పిలవకుండానే వెనకసీట్లో కూర్చుంది. యాదయ్యని లేపి, నడిపించి, ఆఖరి సీటులో చేరవేశారు.

దారి పొడుగునా రాజేశ్వరమ్మ మాట్లాడింది. ఇన్ని నెలలుగా లోపల దాచుకున్నదంతా మందు పుణ్యమా అని కట్ట తెంచుకుంది. సాంబశివరావు పెళ్ళయిన కొత్తలో తనకి భూగోళం నేర్పడానికి పడ్డ పాట్లు, వంటింటి నేల మీద ముగ్గుపిండితో ఖండాలు గీయడం, తను ఆఫ్రికా మీద నీళ్ళు చల్లి తుడిచేస్తే ఆయన అలగడం. డోరతీ తనకి అర్థం కాని ప్రతి మాటకీ సరిగ్గా సరైన చోట నవ్వింది. ఊళ్ళు అయిపోయి పొలాలు వచ్చాయి. అప్పుడు కృష్ణమూర్తి ముందుసీటులోంచి వెనక్కి తిరగకుండానే అన్నాడు.

"అమ్మా, పొద్దున్న నీకిచ్చింది మందు కాదు. నన్ను క్షమించు."

"తెలుసు."

"ఏం తెలుసు?"

"మీ నాన్నకి ఒకసారి చలిజ్వరం ముదిరితే డాక్టరు చెంచాతో బ్రాందీ పట్టమన్నాడు. పట్టింది నేనేగా. ఆ వాసన ఎక్కడికి పోతుంది?"

"మరి తెలిసి ఎందుకు తాగావమ్మా?"

"చావడానికి నాకేం అభ్యంతరం లేదు. నువ్వు ఏడుస్తున్నావు." ఆమె కిటికీ వైపు తిరిగింది. "పెద్దవాడివయ్యాక నువ్వు ఏడవగా నేను చూడలేదు. చూడలేకపోయాను."

వసుమతి చూపు రోడ్డు మీదే ఉంచింది. కన్నీళ్ళతో ఆమెకి అదీ సరిగా కనిపించడం లేదు.

హ్యూరాన్ ఒడ్డు చేరేసరికి పొద్దు వాలుతోంది గానీ జూన్ వెలుగు ఇంకా చాలా మిగిలి ఉంది. ఇసుక దాటి నీళ్ళు కనపడగానే రాజేశ్వరమ్మ ఆగిపోయింది. అవతలి ఒడ్డు లేదు. ఆకాశం ఎక్కడ దిగిందో అక్కడిదాకా నీలమే.

"దీన్నా ఆయన చిన్న సున్నాలాగా గీసింది!" అంది.

నీళ్ళు ఇంకా చలికాలం మరిచిపోలేదు. డోరతీ బూట్లు విప్పి, గౌను తడిసినా సరే, రాజేశ్వరమ్మ చెయ్యి పట్టుకుని లోపలికి నడిచింది. నడుము లోతులో రాజేశ్వరమ్మ తూర్పుకి తిరిగి, భర్త పేరూ గోత్రమూ చెప్పుకుని, మూడు మునకలు వేసింది. పైకి లేచినప్పుడల్లా చలికి ఊపిరి బిగబట్టింది. ఒడ్డు మీద కృష్ణమూర్తి చేతులు జోడించి నిలబడ్డాడు. నాన్న బోర్డు ముందు నిలబడి గీసిన గీత అతనికి ఆ వేళ స్పష్టంగా కనిపించింది. తనకి ఏడుపొస్తుందనుకున్నాడు. రాలేదు. తేలిగ్గా ఉంది.

ఆమె ఒడ్డుకి వచ్చి, పెదవులు తడుముకుని, ఆశ్చర్యంగా అడిగింది. "ఒరే, ఉప్పగా లేవే!"

"ఇది సముద్రం కాదమ్మా. మంచినీళ్ళే."

"అంతా?"

"అంతా."

రాజేశ్వరమ్మ ఎడమకి చూసింది. కుడికి చూసింది. తరవాత ఆమె చూపు చెట్ల కింద పార్కువాళ్ళు అందరి కోసం పాతిన ఇనప పొయ్యి మీద పడింది. కింద బొగ్గులు, పైన జల్లెడ. "కుంపటి!" అంది, చుట్టం కనిపించినట్టు. పొడిచీర చుట్టుకుని, ఇత్తడిగిన్నె తీసుకుని వెళ్ళి, ఒడ్డుకి దూరంగా తేటగా ఉన్న చోట ముంచుకొచ్చింది. వసుమతి బొగ్గులు రాజేసింది. బియ్యం, పెసరపప్పు కలిసి పులగమై బాగా ఉడికేసరికి, ఆ వాసనకి యాదయ్య కారులోంచి లేచి వచ్చి, తల పట్టుకుని చుట్టూ చూశాడు.

"అన్నా, ట్రైలర్ యాడుంది?"

రాజేశ్వరమ్మ ముందుగా ఒక ముద్ద భర్త పేరున నీళ్ళ దగ్గర పెట్టి వచ్చి, అందరికీ వడ్డించింది. డోరతీ చేత్తో తినడం నేర్చుకుంది. అందరూ తింటుండగా రాజేశ్వరమ్మ కొడుకు వైపు తిరిగి, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

"ఇన్ని మంచినీళ్ళు ఇక్కడ పెట్టుకుని, ఇంటి దగ్గర్నుంచి డబ్బాలో మోసుకురావాలని నీకెవరు చెప్పార్రా?"

కృష్ణమూర్తి ఇంకొంచెం పులగం పెట్టమన్నాడు.